స్వింగ్ లేటా, కాలు లేటా? 14యూ ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ బ్యాటర్ కేస్ స్టడీ

బ్యాటర్ వయసు 13, కుడిచేతి వాటం. ఆట ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్: బేస్‌బాల్ లాంటిదే, కానీ పిచర్ చేతిని చుట్టూ తిప్పి బంతిని కిందినుంచి వేస్తుంది. టెక్సాస్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం అమ్మాయి. పేరు, ఊరు, జట్టు వివరాలు తీసేశాం. 12యూలో (12 ఏళ్లలోపు విభాగం) జట్టుకి మూడో నంబరు బ్యాటర్‌గా ఆడింది. 14యూకి (14 ఏళ్లలోపు) మారిన తొలి సీజన్‌లోనే లైనప్ అడుక్కి జారిపోయింది. అందరూ చెప్పే ఫిర్యాదు ఒకటే: ప్రతి బంతికీ లేటు. తగిలినవాటిలో చాలావరకు ఫస్ట్ బేస్ డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) వైపు ఫౌల్స్ (గీత బయటికి పోయే బంతులు), లేకపోతే సెకండ్ బేస్ వెనక గాల్లోకి లేచే పాపప్‌లు. కాస్త వేగంగా వేసే పిచర్ ఎదురైతే బ్యాట్ గాలికే ఊగేది.

మా దగ్గరికి వచ్చేలోపు ఇంట్లో మూడు పనులు చేసేశారు. 32 అంగుళాలు, 22 ఔన్సుల బ్యాట్ పక్కనపెట్టి 31 అంగుళాలు, 20 ఔన్సులది కొన్నారు. గరాజ్‌లో వల కట్టి రోజూ టీ (బంతిని నిలబెట్టే కడ్డీ) మీద స్వింగ్‌లు కొట్టించారు. మ్యాచ్‌లో ఫెన్స్ వెనక నుంచి నాన్న "చెయ్యి ఇంకా స్పీడుగా తిప్పమ్మా" అని అరుస్తూనే ఉన్నారు. టీ మీద బంతి బుల్లెట్‌లా వెళ్లేది. మ్యాచ్‌లో మాత్రం మార్పు లేదు. ఈ రెండింటి మధ్య తేడాలోనే కేసు మొత్తం ఉంది. టీ మీద కదలకుండా కూర్చున్న బంతికి లేటవడం ఎవరికీ సాధ్యం కాదు. అక్కడ బాగా కొట్టే బ్యాటర్ మ్యాచ్‌లో లేటవుతుంటే, చేతుల జోలికి వెళ్లేముందు గడియారం చూడాలి.

ముందు లెక్క

12యూలో పిచింగ్ దూరం 40 అడుగులు, 14యూలో 43. మూడడుగులు పెరిగాయి కాబట్టి టైమ్ ఎక్కువ దొరకాలని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నిజానికి తగ్గుతుంది.

ఈ దూరాన్ని పిచింగ్ రబ్బర్ (పిచర్ కాలుపెట్టే పట్టీ) ముందు అంచు నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ ముందు నేల మీదుండే పలక) వెనక కొస దాకా కొలుస్తారు. కానీ పిచర్ రబ్బర్ మీద నిలబడి బంతి వదలదు. ముందుకు తోసుకుంటూ వచ్చి, ఈ వయసులో దాదాపు 6 అడుగుల ముందు వదులుతుంది. ప్లేట్ పొడవు 17 అంగుళాలు, అంటే మరో 1.4 అడుగులు. 43లోంచి ఈ రెండూ తీసేస్తే, చేతి నుంచి ప్లేట్ ముందంచు దాకా బంతి నిజంగా ప్రయాణించేది సుమారు 35.6 అడుగులు. గంటకు 56 మైళ్ల వేగమంటే సెకనుకు 82 అడుగులు. అంటే బ్యాటర్ చేతిలో ఉన్నది 0.434 సెకను.

12యూలో పిచర్ ఐదున్నర అడుగుల ముందు వదిలిందనుకుంటే మిగిలేది 33 అడుగులు. 48 మైళ్ల వేగానికి 0.47 సెకను. దూరం పెరిగినా, వేగం అంతకంటే ఎక్కువ పెరగడంతో 36 మిల్లీసెకన్లు పోయాయి. ఈ అమ్మాయికి 12యూలో సరిపోయిన అలవాటు 14యూలో సరిపోకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

36 మిల్లీసెకన్లు ఒక లెక్కా అంటే, లెక్కే. 56 మైళ్ల బంతి 10 మిల్లీసెకన్లలో దాదాపు 10 అంగుళాలు ముందుకొస్తుంది. ఆ 10 మిల్లీసెకన్లలోనే బ్యాట్, ఈ స్థాయి బ్యాటర్ చేతిలో, 17 డిగ్రీల దరిదాపుల్లో తిరుగుతుంది. 10 మిల్లీసెకన్లు లేటైతే సెంటర్‌కి వెళ్లాల్సిన బంతి రైట్ ఫీల్డ్ వైపు మళ్లుతుంది. 20 అయితే ఫౌల్. 40 అయితే బంతి క్యాచర్ గ్లవ్‌లో ఉంటుంది.

వీడియో ఎలా తీశాం

ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్లకు కాస్త పైన. మామూలు 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేముకి 33 మిల్లీసెకన్లు. అంటే మనం వెతుకుతున్న తప్పు మొత్తం రెండు ఫ్రేముల సందులో మాయమైపోతుంది.

పక్క నుంచి, బ్యాటర్ ఛాతీకి ఎదురుగా తీసే వీడియో స్వింగ్ చూడ్డానికి బాగుంటుంది కానీ అందులో పిచర్ కనబడదు. టైమింగ్ కొలవాలంటే పిచర్ చేయి, బ్యాటర్ ముందుకాలు ఒకే ఫ్రేములో ఉండాలి. అందుకని ఒక ఫోన్ బ్యాక్‌స్టాప్ (క్యాచర్ వెనకుండే వల) వెనక, క్యాచర్‌కి రెండు మూడడుగులు పక్కగా, నడుము ఎత్తులో పెట్టాం. రెండోది పక్కన. వెనక ఫోన్‌తో వచ్చే చిక్కు ఏంటంటే ఫోకస్ వల మీదికి పోతుంది. స్క్రీన్ మీద పిచర్ దగ్గర వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చెయ్యాలి. ఇండోర్ కేజ్‌లో లైట్లు చాలక 240 ఫ్రేముల్లో మడమ మసకబారుతుంది. వీలైనంతవరకు పగటి వెలుతురులో, మ్యాచ్‌లోనే తియ్యండి. ఇంకొకటి: ఆ వీడియోని వాట్సాప్‌లో పంపి, అవతలివాళ్లు అక్కడే కొలిస్తే లెక్క తప్పుతుంది. పంపేటప్పుడే ఫ్రేములు పోతాయి. ఒరిజినల్ ఫైలే కావాలి.

బంతి వేళ్లు వదిలిన ఫ్రేముని సున్నా అనుకుని నాలుగు క్షణాలు రాసుకోవాలి: ముందుకాలి వేళ్లు నేలకి ఆనడం, మడమ పూర్తిగా దిగడం, బ్యాట్ ముందుకు బయల్దేరడం, బంతి తగలడం. పది బంతులు కొలిచి మధ్యస్థంగా వచ్చిన అంకె తీసుకుంటే చాలు. ఒక్క బంతి మీద తీర్పు చెప్పొద్దు.

కనబడింది

56 మైళ్ల పిచర్ మీద, పది బంతుల మధ్యస్థ లెక్కలో బంతి ప్లేట్ ముందంచుకి వచ్చేసరికి 106వ ఫ్రేము. కాగితం మీద 104 రావాలి. గాల్లో బంతి వేగం కొద్దిగా తగ్గుతుంది కాబట్టి రెండు ఫ్రేములు ఎక్కువ.

అమ్మాయి కాలివేళ్లు ఆనింది 50వ ఫ్రేములో. మడమ దిగింది 67లో. బ్యాట్ బయల్దేరింది 69లో. తగిలే చోటికి చేరింది 111లో. అంటే 5 ఫ్రేములు, 21 మిల్లీసెకన్ల లేటు. అప్పటికి బంతి ప్లేట్ ముందంచు దాటి మరో 20 అంగుళాలు లోపలికొచ్చేసింది. ఫస్ట్ బేస్ డగౌట్ వైపు ఫౌల్స్ అందుకే.

టీ మీద ఇదే అమ్మాయి స్వింగ్ బయల్దేరిన దగ్గర్నుంచి తగిలేదాకా 40 ఫ్రేములు తీసుకుంది. 0.167 సెకను. 13 ఏళ్ల పిల్లకి ఇది మంచి స్వింగే. 106లో తగలాలంటే 66వ ఫ్రేముకి బ్యాట్ బయల్దేరితే సరిపోతుంది. ఈమె 66కి ఇంకా మడమే దించలేదు. మడమ దిగకుండా నడుం తిరగదు. నడుం తిరగకుండా బయల్దేరే చేతులకి బలం ఉండదు. 69లో బయల్దేరాక కంగారులో భుజాలు ముందు లాగడంతో స్వింగ్ కూడా 40 నుంచి 42కి సాగింది. లేటులో మూడు ఫ్రేములు కాలివి, రెండు ఫ్రేములు ఆ కంగారువి.

మూడే ఫ్రేములు కదా, కాస్త సరిచేస్తే పోతుందనుకోవచ్చు. 60 మైళ్ల పిచర్ దగ్గర చూడండి. అక్కడ బంతి 99వ ఫ్రేముకే వచ్చేస్తుంది. బ్యాట్ 59కి బయల్దేరాలి. ఈమె మడమ అప్పటికీ 67 దగ్గరే ఉంది. లేటు ఒక్కసారిగా రెట్టింపు దాటిపోయింది. వేగం పెరిగినా కాలి టైమింగ్ కదలకపోవడమే అసలు రోగం అని ఈ రెండో కొలతతో తేలింది. ఒక్క పిచర్ మీదే కొలిచి ఊరుకుంటే ఇది బయటపడదు.

కాలు ఎందుకు ఆలస్యం

పక్క వీడియోలో ఇంకో సంగతి కనబడింది. ఒంటికి దగ్గరగా వచ్చే లోపలి బంతికి ముందుకాలు కొద్దిగా ఎడమకి, దూరంగా వచ్చే బయటి బంతికి ప్లేట్ వైపుకి పడుతోంది. బంతి ఎటొస్తుందో తేల్చుకున్నాకే కాలు కదుపుతోందన్నమాట.

ఇది క్రికెట్ కాలు. ఇంటి ముందు టేప్ చుట్టిన టెన్నిస్ బంతితో నాన్న దగ్గర నేర్చుకున్న కాలు. క్రికెట్‌లో అది తప్పు కాదు, అసలు పాఠమే అది: లెంగ్త్ చూడు, బంతి పడే చోటికి కాలు వెయ్యి, తలని బంతి మీదికి తే. అక్కడ బంతి నేలకి తగిలి లేస్తుంది, కాలు ఎక్కడ వెయ్యాలో పడే చోటే చెబుతుంది. సాఫ్ట్‌బాల్‌లో బంతి పడే చోటంటూ లేదు. కాలుకి తేల్చుకోవాల్సింది ఏమీ లేదు. ఏ బంతికైనా ఒకే చోట, ఒకే దూరంలో, బంతి ఎటొస్తుందో తెలియకముందే దిగాలి. కొట్టాలా వదలాలా, లోపలా బయటా అన్నదంతా తర్వాత చేతులు, నడుము చూసుకుంటాయి. బస్సు వచ్చేసరికి స్టాపులో ఉండాలి, ఎక్కాలా వద్దా అన్నది బోర్డు చూశాక చెప్పొచ్చు. పిల్లకి ఈ ఒక్క మాటే చెప్పాం, వెంటనే పట్టుకుంది.

అమెరికాలోని తెలుగు, తమిళ, గుజరాతీ ఇళ్ల పిల్లల్లో ఈ అలవాటు మళ్లీ మళ్లీ కనబడుతుంది. కోచ్‌కి క్రికెట్ తెలియకపోతే దాన్ని "రియాక్షన్ స్లో" అని రాసేస్తారు. రియాక్షన్‌కి దీంతో సంబంధం లేదు.

కళ్లు పరీక్ష చేయించారు, తేడా లేదు. బ్యాట్ సంగతి చెప్పాలి. 20 ఔన్సుల బ్యాట్‌తో స్వింగ్ ఒక్క ఫ్రేము తగ్గింది. కానీ ఒక అంగుళం పొట్టి కావడంతో బయటి మూల అందక అటు వంగడం మొదలుపెట్టింది. పాత బ్యాటే మళ్లీ ఇచ్చాం. లేటుకి తేలిక బ్యాట్ కొనడం చాలా ఇళ్లలో జరిగే మొదటి ఖర్చు. కొలవకుండా కొంటే వృథా. ఎడమవైపుకి మార్చి స్లాపర్‌ని (పరుగు అందుకుంటూనే బంతిని తట్టే బ్యాటర్) చేద్దామని జట్టులో ఒకరు సలహా ఇచ్చారట. పరుగు ఉంది నిజమే, కానీ ఇంత మంచి స్వింగ్ ఉన్న పిల్ల చేతిలోంచి దాన్ని లాగేసుకోవడం దేనికి?

మార్చిన వరుస

మొదటి దశలో బ్యాట్ చేతికివ్వలేదు. జట్టు పిచర్లు బుల్‌పెన్‌లో (పిచర్లు ప్రాక్టీసు చేసే చోటు) వేస్తుంటే, హెల్మెట్, ఫేస్ మాస్క్ పెట్టుకుని బాక్స్‌లో నిలబడి లోడ్ (బరువు వెనక కాలి మీదికి తీసుకోవడం), స్ట్రైడ్ (ముందుకాలు వెయ్యడం) మాత్రమే. మడమ దిగిన క్షణంలో గట్టిగా "దిగింది" అనాలి. కొన్ని బంతుల తర్వాత బంతి దాటేలోపే "అవును" లేదా "కాదు" అని రెండో మాట. రెండు మాటల మధ్య సందు వినబడాలి. రెండూ కలిసిపోయి ఒకేసారి వస్తుంటే కాలు ఇంకా బంతి కోసం ఆగుతోందని అర్థం. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, పిచర్లకి కూడా ఎదురుగా బ్యాటర్ ఉన్నట్టుంటుంది. ఇంత చవకైన డ్రిల్‌ని ఎందుకు అంతమంది వదిలేస్తారో తెలియదు.

లోడ్ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఈమె పాత గుర్తు బంతి చేతినుంచి వదలడం. కొత్త గుర్తు పిచర్ చేయి వృత్తంలో పైకి లేవడం. చేయి తల పైకి వచ్చేసరికి బరువు వెనక కాలి మీదికి వెళ్లిపోవాలి. చేయి కిందికి దిగుతుంటే ముందుకాలు లేవాలి. బంతి వదిలిన కొద్దిసేపటికి వేళ్లు ఆనాలి, బంతి సగం దూరం వచ్చేసరికి మడమ దిగాలి. 56 మైళ్ల బంతికి వేళ్లు 25-30 ఫ్రేముల మధ్య, మడమ 50-55 మధ్య అని గురి పెట్టుకున్నాం.

వేగమైన పిచర్ వచ్చినప్పుడు కాలు గబగబా వెయ్యకూడదు. ఇది పిల్లలకే కాదు, పెద్దలకీ పదేపదే చెప్పాల్సొస్తుంది. కాలి వేగం అన్ని బంతులకీ ఒకటే, మొదలుపెట్టే క్షణం మాత్రం ముందుకి జరుగుతుంది. కాలు గబుక్కున పడితే తల కిందికి ఊగుతుంది. తల ఊగితే బంతి ఊగినట్టు కనబడుతుంది.

రెండో దశ ఫ్రంట్ టాస్. ఎల్-స్క్రీన్ (విసిరేవాళ్లకి అడ్డుగా పెట్టే వల) వెనక 20 అడుగుల్లో కూర్చుని కిందినుంచి విసరడం. 20 అడుగుల నుంచి 30 మైళ్ల వేగంతో వేస్తే బంతికి పట్టేది 0.455 సెకను, మ్యాచ్‌లో 56 మైళ్ల బంతికి పట్టే టైముకి దగ్గర. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, చేయి ఊపకుండా మణికట్టుతో బంతి పడెయ్యడం. బ్యాటర్‌కి లోడ్ గుర్తు దొరకదు, మళ్లీ బంతిని చూశాకే కాలు కదుపుతుంది. వద్దనుకున్న అలవాటునే వంద సార్లు చేయించినట్టు. విసిరేవాళ్లు చేతిని ఒక పూర్తి చుట్టు తిప్పి వెయ్యాలి, ప్రతిసారీ అదే లయలో. సెట్‌కి 8 బంతులు, మధ్యలో నిమిషం విరామం. మొత్తం 60-70 స్వింగ్‌లు దాటనివ్వలేదు. అలిసిన కాలు మొదట వదిలేసేది టైమింగునే.

పిచింగ్ మెషీన్‌దీ ఇదే గొడవ. మెషీన్‌కి చేయి లేదు. బంతి వేసే మనిషి బంతిని తల పైకెత్తి చూపించి, చేతిని కిందికి తెచ్చి, ఒకే లయలో గొట్టంలో వదలాలి. ఎత్తకుండా వదిలేస్తే బ్యాటర్ మెషీన్ చప్పుడుకి లోడ్ చేస్తుంది. అప్పటికే ఆలస్యం. తడిసిన బంతి చక్రాల మధ్య జారి నెమ్మదిగా వస్తుంది కాబట్టి, పొద్దున్న మంచుకి తడిసిన బంతులు ముందు తుడవాలి.

మధ్యలో వచ్చిన కొత్త జబ్బు

కాలు ముందుగా దిగడం వచ్చాక మరో తప్పు తలెత్తింది. ఇది వస్తుందని తెలిసిందే, దాదాపు ప్రతి కేసులోనూ వస్తుంది. కాలితోపాటు ఒళ్లంతా ముందుకు వచ్చేసింది. ఫాస్ట్‌బాల్ బాగా తగులుతోంది. ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనబడి నెమ్మదిగా వచ్చే బంతి) రాగానే చేతులు ముందే వెళ్లిపోయి, మణికట్టు తిరిగిపోయి, షార్ట్‌స్టాప్‌కి (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్) మెత్తటి గ్రౌండర్. 45 మైళ్ల ఛేంజప్ ప్లేట్‌కి రావడానికి 131 ఫ్రేములు పడుతుంది. 54లో మడమ దించిన బ్యాటర్ ఫాస్ట్‌బాల్ కంటే 25 ఫ్రేములు, సెకనులో పదో వంతు, చేతులు కదపకుండా ఆగాలి. బరువు ముందుకాలి మీద పడిపోతే ఆగడానికి ఏమీ మిగలదు.

పక్క వీడియోలో తల ముందు ఒక నిలువు గీత గీసి చూస్తే, లోడ్ నుంచి మడమ దిగేదాకా తల ఆరు అంగుళాలకి పైగా ముందుకు జరుగుతోంది. స్ట్రైడ్ 14 అంగుళాలు. దాన్ని 8 అంగుళాలకి తగ్గించాం, నేల మీద చాక్ గీత గీసి. పొడవు తగ్గిస్తేనే సరిపోదు. కాలి బొటనవేలి లోపలి అంచు ముందు ఆనాలి, గుడ్డు మీద అడుగేసినంత మెల్లగా అని చెప్పే కోచ్‌లున్నారు. మేం మాత్రం వెనక తొడ లోపలి కండరంలో బిగువు తెలుస్తోందా అని అడిగాం. మడమ దిగినప్పుడు ఆ బిగువు ఉంటే బరువు ఇంకా వెనకే ఉన్నట్టు.

దీనికి టీ పనికొచ్చింది. టీ మీద బంతి పెట్టి, స్ట్రైడ్ వేసి, మడమ దించి, ఒక సెకను ఆగాలి. ఆ ఆగినప్పుడు చూడాల్సినవి మూడే: చేతులు వెనక భుజం దగ్గరే ఉన్నాయా, ముందు భుజం ఇంకా పిచర్ వైపే మూసుకుని ఉందా, వెనక్కి తోస్తే పడిపోకుండా నిలబడుతుందా. తర్వాతే స్వింగ్. పది కొట్టాక ఆగకుండా మామూలుగా పది. ఆగే డ్రిల్‌ని ఎక్కువ రోజులు లాగొద్దు, మడమ దిగాక ఒక క్షణం కదలిక ఆగిపోయే అలవాటు వస్తుంది. మంచి బ్యాటర్‌లో కాలు దిగుతుంటే చేతులు ఇంకా వెనక్కి సాగుతూనే ఉంటాయి.

ఆ తర్వాత ఫ్రంట్ టాస్‌లో ఛేంజప్ కలిపాం. క్రమం ఉండకూడదు. మూడు వేగం, ఒకటి నెమ్మది అని వేస్తే నాలుగోది పిల్లలు రెండు నిమిషాల్లో పసిగడతారు. ఆలోచన ఎప్పుడూ ఫాస్ట్‌బాల్ మీదే పెట్టుకుని, నెమ్మది బంతికి సర్దుకోవాలి. ఛేంజప్ కోసం కాచుకున్న బ్యాటర్ ఫాస్ట్‌బాల్‌కి ఎప్పటికీ అందుకోలేదు. ఆ 25 ఫ్రేములు వెనక్కి దొరికేవి కావు.

మోచేయి

పాపప్‌ల సంగతి విడిగా చూడాల్సొచ్చింది, అవి కాలితో పోలేదు. స్వింగ్ బయల్దేరగానే ముందు మోచేయి పైకి లేస్తోంది, బ్యాట్ లావు కొస చేతుల కిందికి వేలాడుతోంది. ఇదీ క్రికెట్ నుంచి వచ్చిందే. అక్కడ స్ట్రెయిట్ డ్రైవ్‌కి ఎడమ మోచేయి ఎత్తి ఉంచమనే నేర్పుతారు, బ్యాట్ నిలువుగా బంతి గీతలోకి దిగుతుంది. నేల మీదినుంచి లేచే బంతికి అది కావాలి. గాల్లో నేరుగా వచ్చే బంతికి నిలువు బ్యాట్ ఇచ్చే చోటు 2.25 అంగుళాల మందం ఒక్కటే. కాస్త లోపలికో బయటికో వస్తే బంతి అంచుకి తగిలి జారుతుంది.

బంతి ఏ కోణంలో దిగుతుందో తెలిస్తే బ్యాట్ దారి అర్థమవుతుంది. 56 మైళ్ల బంతి మోకాలికి కాస్త పైనుంచి బయల్దేరి, మధ్యలో కొద్దిగా పైకి లేచి, ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 4 డిగ్రీల వాలులో దిగుతుంటుంది. డ్రాప్ (చివర్లో కిందికి దిగే బంతి) అయితే ఇంకాస్త ఎక్కువ. బేస్‌బాల్‌లో దిబ్బ మీదినుంచి, భుజం పైనుంచి వచ్చే బంతి ఇంతకంటే బాగా ఏటవాలుగా దిగుతుంది. అందుకే బేస్‌బాల్ వీడియోలు చూసి బాగా పైకి లేపే స్వింగ్ నేర్చుకున్న అమ్మాయిలు సాఫ్ట్‌బాల్‌లో బంతి కిందినుంచి వెళ్లిపోతారు. బంతి గీతకి సరిపడా 5 నుంచి 8 డిగ్రీలు పైకి, అంతే చాలు.

దిద్దుబాటుకి రెండు టీలు వాడాం. కొట్టాల్సిన బంతి ముందు టీ మీద, ప్లేట్ ముందంచు దగ్గర, తొడ ఎత్తులో. రెండోది బంతి లేకుండా వెనక కాలి పక్కన, దానికంటే 3 అంగుళాలు కింద. లావు కొస చేతుల కిందికి వేలాడితే వెనక టీకి తగులుతుంది. తగలకుండా రావాలంటే వెనక మోచేయి పక్కటెముకల దగ్గరికి దిగుతూ, లావు కొస ముందుగా వెనకవైపు తిరిగి బంతి ఎత్తులోకి చదునుగా రావాలి. చప్పుడే కోచింగ్ ఇస్తుంది, మనం మాట్లాడక్కర్లేదు. వెనక టీకి రబ్బరు గొట్టం ఉన్నదే వాడండి, లేకపోతే బ్యాట్‌కి సొట్టలు పడతాయి.

లోపలి బంతి, బయటి బంతి తేడా కూడా టైమింగే. లోపలిది ప్లేట్‌కి దాదాపు అడుగు ముందు తగలాలి, బయటిది ప్లేట్ మధ్యలోకి వచ్చాక. ఈ సందు అడుగున్నరకి కాస్త పైనే ఉంటుంది, దాదాపు 20 మిల్లీసెకన్లు. కాలు ఒకే టైముకి దిగితే ఈ తేడాని నడుం తిరిగే వేళలో సర్దుకోవచ్చు. కాలే సర్దుకోవాలంటే అంత వ్యవధి లేదు.

మళ్లీ కొలిచినప్పుడు

56 మైళ్ల పిచర్ మీద వేళ్లు 28, మడమ 54, బ్యాట్ బయల్దేరడం 65, తగలడం 105. స్వింగ్ 40 ఫ్రేములే, అంటే టీ మీద ఎంతో మ్యాచ్‌లోనూ అంతే. మడమ దిగడానికీ బ్యాట్ బయల్దేరడానికీ మధ్య 11 ఫ్రేములు వచ్చాయి, ముందు రెండే ఉండేవి. బంతిని చూసి వదిలెయ్యడానికి దొరికే సమయం ఆ 11 ఫ్రేములు. బ్యాట్ వేగం ఏమీ పెరగలేదని గమనించండి. చెడ్డ బంతులు వదలడం పెరగడం, ఫౌల్స్ లెఫ్ట్ సెంటర్ లైన్ డ్రైవ్‌లుగా (నేరుగా దూసుకెళ్లే దెబ్బలు) మారడం రెండూ ఒకే కారణంతో జరిగాయి.

60 మైళ్ల పిచర్ మీద కాలు, 56 మైళ్ల పిచర్‌తో పోలిస్తే, 5 ఫ్రేములు ముందు జరిగింది, ఇంకా రెండు జరగాలి. అక్కడ ఆన్-డెక్ సర్కిల్‌లో (తర్వాతి బ్యాటర్ కాచుకునే చోటు) చేసే పని తేల్చేస్తుంది. తన ముందు బ్యాటర్‌కి పడే ప్రతి బంతికీ లోడ్, స్ట్రైడ్ వేసుకుంటే, బాక్స్‌లోకి వెళ్లేసరికి ఆ పిచర్ లయ ఒంట్లో ఉంటుంది. ఈమె అక్కడ బరువు రింగ్ తొడిగిన బ్యాట్ ఊపుతూ స్నేహితులతో మాట్లాడుతోంది. రింగ్ తీసేయించాం, కబుర్లు మాన్పించడం వాళ్ల జట్టు కోచ్ పని.

మిగిలింది రైజ్‌బాల్, బ్యాక్‌స్పిన్‌తో పైకి లేస్తున్నట్టు కనబడే బంతి. బ్యాక్‌స్పిన్ ఎంత ఉన్నా బంతి గురుత్వాన్ని జయించి పైకి వంగదు. కానీ తుంటి కిందినుంచి పైకి విసిరిన బంతి స్పిన్ వల్ల తక్కువ పడుతుంది కాబట్టి ఛాతీ ఎత్తులో దాదాపు అడ్డంగా వచ్చేస్తుంది. 4 డిగ్రీల వాలుకి అలవాటు పడ్డ బ్యాట్ దాని కిందినుంచి పోతుంది. ఈ అమ్మాయి కాలు ఇప్పుడు టైముకి దిగుతోంది కాబట్టి ఆ బంతిని ముందే చూస్తోంది, కానీ చూసీ ఊపుతోంది. దానికి మళ్లీ బుల్‌పెన్‌లో "దిగింది, కాదు" డ్రిల్‌కే వెళ్లాం. ఈసారి రైజ్ వేసే పిచర్ ఎదురుగా, ఛాతీ ఎత్తులో ఒక తాడు కట్టి, తాడు పైకి వచ్చినవాటికి "కాదు" అనడం. తాడుని హోమ్ ప్లేట్ మీద కాకుండా దాదాపు 14 అడుగుల ముందు, రెండు గుంజల మధ్య కట్టాలి. వదలాలన్న నిర్ణయం అక్కడే జరగాలి. ప్లేట్ మీద కడితే పిల్ల బంతి దాటాక జవాబు చెబుతుంది, ఆ జవాబు ఎప్పుడూ కరెక్టే ఉంటుంది, పనికి మాత్రం రాదు. ఛాతీ ఎత్తులో దాన్ని వదలడం కుదిరాక, తొడ ఎత్తులో ఆగిపోయిన రైజ్‌ని కొట్టడం మొదలుపెట్టాలి. పిచర్ తప్పు వేసిన ఆ బంతులే ఈ స్థాయిలో కంచె దాటేవి.